చీటీ ప్రకారం మాత్రలు వేసుకోవట్లేదు, డాక్టరుకి ఎలా చెప్పను?

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న ఊరి నుంచి 33 ఏళ్ల పాఠకురాలు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఇంటి దగ్గరే జాకెట్లు కుడతారు. భర్త ఎరువుల షాపులో గుమస్తా. ఆరేళ్ల పాప ఉంది, అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. మూడేళ్ల కిందట పొద్దున లేవగానే వేళ్లు పట్టేసినట్టు ఉండటం మొదలైంది. తడిబట్ట పిండలేకపోయేవారు, కత్తెరలో వేళ్లు దూరేవి కావు, పదకొండు గంటలైతే గానీ మిషను ముందు కూర్చోలేకపోయేవారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, తర్వాత ఎవరో చెప్పిన పసరు, అన్నీ అయ్యాక విజయవాడలో రుమటాలజిస్టుకి, అంటే కీళ్లవాతం చూసే డాక్టరుకి చూపించుకున్నారు. రక్తపరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు, అంటే ఒళ్లే తన కీళ్ల మీద దాడి చేసే కీళ్లవాతం. వారానికి ఒకసారి, శనివారం రాత్రి, మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు. మర్నాడు ఫోలిక్ యాసిడ్. రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్.

ఇక్కడి నుంచి ఆవిడ మాటల్లోనే: "శనివారం నాకు ఒంటిపూట. రాత్రికి ఒక అరటిపండో, కాస్త ఉప్మానో. దాని మీద ఆ మాత్రలు వేసుకునేదాన్ని. ఆదివారం తెల్లారేసరికి కడుపులో తిప్పేసేది. మా ఇంట్లో ఆదివారం మాంసం లేకపోతే వంట కాదు. అల్లం వెల్లుల్లి వేగుతుంటే పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకునేదాన్ని. మొదటిసారి మా అత్తగారు మొహం వెలిగిపోయి 'ఏమ్మా, విశేషమా?' అన్నారు. రెండో వారమూ అదే. మూడో వారం అడగలేదు గానీ అదోలా చూశారు. ఈ మందు వేసుకుంటున్నన్నాళ్లూ పిల్లలు వద్దని డాక్టరు గారు చెప్పిన సంగతి ఆవిడకి తెలియదు."

ఆ తర్వాత ఫోనులో వెతికితే మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందు అని కనిపించింది. ఆ శనివారం మాత్రలు చీరకొంగులో దాచేసి, గుండీల డబ్బాలో పడేశారు. అలా ఏడాదిన్నర. నొప్పి బాగా ముదిరినప్పుడు రెండు మూడు వారాలు వేసుకోవడం, వాంతులు మొదలవగానే మానెయ్యడం. మధ్యలో మెడికల్ షాపులో నొప్పి బిళ్ల, దానితో పాటు షాపతనిచ్చే ఒక చిన్న తెల్ల బిళ్ల.

"చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు గారు 'మందులు కరెక్టుగా వాడుతున్నారా' అంటారు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన, 'నేనే తెచ్చిస్తున్నానండీ, ఒక్క వారం తప్పలేదు' అంటాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు. తెచ్చిచ్చే మాట నిజమే. రక్తపరీక్షలో వాపుని చూపించే ఈఎస్‌ఆర్ తగ్గట్లేదని డోసు 20 చేశారు. అయినా తగ్గలేదని ఇప్పుడు పెద్ద ఇంజెక్షన్లు మొదలుపెడదామంటున్నారు. మా ఆయన నా గొలుసు బ్యాంకులో పెట్టడానికి సిద్ధమైపోయాడు. ఇంకో రెండు వారాల్లో వెళ్లాలి. పాప తర్వాత మేమేమీ జాగ్రత్తలు తీసుకోవట్లేదు, అత్తగారు మనవడు మనవడు అంటారు, నేనూ ఎలాగూ మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదు కదా అని ఊరుకున్నాను. ఇప్పటినుంచి ఎవరికీ చెప్పకుండా 20 వేసేసుకుంటే సరిపోతుందా? చెప్తే డాక్టరు గారు తిడతారు. మా ఆయన ఇక నన్ను నమ్మడు. ఏం చెయ్యను?"

సమాధానం:

నేను డాక్టరుని కాను. కాబట్టి మీ మందులు మార్చే పని నాది కాదు. కానీ మీ ఉత్తరంలో ఒక్క విషయం మిగతా వాటన్నిటికన్నా తొందరగా చూడాల్సింది ఉంది. అది డాక్టరు తిడతారా, మీ ఆయన నమ్ముతాడా అన్నది కాదు. జాగ్రత్తలేమీ తీసుకోకుండా, మెథోట్రెక్సేట్ అప్పుడప్పుడూ వేసుకుంటున్నారు. ఈ మందు కడుపులోని పిండానికి హాని చేస్తుంది. గర్భస్రావం కావచ్చు, బిడ్డకి అవకరాలు రావచ్చు. "సరిగ్గా వేసుకోవట్లేదు కదా" అన్న ధైర్యం తప్పు. ఆ రెండు మూడు వారాలు చాలు. కాబట్టి ఈ శనివారం 20 కాదు, 15 కాదు, ఒక్క మాత్రా వేసుకోకండి. మెడికల్ షాపులో దొరికే కార్డుతో గర్భం ఉందో లేదో మూత్రపరీక్ష చేసుకోండి, నెలసరి ఆలస్యమైనా కాకపోయినా సరే. గీతలు రెండు కనిపిస్తే అదే రోజు డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఒకటే ఉన్నా, మళ్లీ మొదలుపెట్టే ముందు డాక్టరుతో మాట్లాడండి. అప్పటిదాకా మీ ఇద్దరూ జాగ్రత్త తీసుకోండి.

ఈ శనివారం వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 20 మిల్లీగ్రాములు అన్నది ఏడాదిన్నరగా 15కి అలవాటుపడిన ఒంటికి రాసిన డోసు. మీ ఒళ్లు అలవాటుపడలేదు. మామూలుగా ఈ మందు తక్కువతో మొదలుపెట్టి, రక్తంలో కణాల లెక్క, కాలేయం, కిడ్నీ పరీక్షలు చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంలో ఒకేసారి పెద్ద డోసు మింగితే, మళ్లీ వాంతులు పట్టుకుని నెల తిరక్కుండా డబ్బా దగ్గరికే వస్తారు. డబ్బాలో దాచినవి వేసుకోవద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. ఆరేళ్ల పాప తిరిగే ఇల్లు. గుండీల మధ్య పచ్చటి చిన్న బిళ్లలు పిల్లల కళ్లకి ఎలా కనిపిస్తాయో మీకే తెలుసు. ఇవాళే అక్కడి నుంచి తీసెయ్యండి. తోడికోడలికో పక్కింటావిడకో కీళ్ల నొప్పులని ఇవ్వకండి. ఈ మందుని వారానికి ఒకసారి అని తెలియక రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మీరు చేసిన పని మీరొక్కరే చేసినట్టు రాశారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లు మందులు చెప్పినట్టు వాడతారా అని చాలా దేశాల్లో లెక్కలు తీశారు. ఆ పరిశీలనలన్నీ కలిపి చూస్తే, కొలిచే పద్ధతిని బట్టి, సరిగ్గా వాడేవాళ్లు 30 నుంచి 80 శాతం దాకా తేలారు. ఒక్క ఈ జబ్బే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఇచ్చిన నివేదికలో, డబ్బున్న దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులకి మందులు చెప్పినట్టు వాడేవాళ్లు సగటున సగం మందే అని రాసింది. మీ డాక్టరు ఇలాంటివాళ్లని చూడలేదనుకుంటున్నారా? బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లలో మీలాంటి వాళ్లు ఇంకా ఉంటారు. అందరూ లోపలికి వెళ్లి "వాడుతున్నానండీ" అంటారు. మన దగ్గర "మందులు వాడుతున్నారా" అన్నది "భోంచేశారా" లాంటి పలకరింపే తప్ప నిజంగా అడిగే ప్రశ్న కాదు. ఆ తప్పు మీ ఒక్కరిదే అని నేను అనను. "గత నెలలో ఎన్ని శనివారాలు వేసుకోలేకపోయారు?" అని అడిగి ఉంటే మీరు నిజం చెప్పి ఉండేవారేమో.

మందు మానడం రెండు రకాలు. మరిచిపోయి మానేది ఒకటి. దానికి క్యాలెండరు మీద సున్నా చుట్టుకుంటే సరిపోతుంది, ఫోనులో గంట పెట్టుకోవచ్చు. మీది రెండోది. కావాలని, కారణం ఉండి మానడం. క్యాలెండర్లు, గంటలు దీనికి పనికిరావు. ఆ కారణాలు తీరాలి. మీవి మూడు కనిపిస్తున్నాయి నాకు, మూడూ మీ తలలో ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి గానీ, విడదీస్తే వేరువేరు.

మొదటిది వాంతులు. మీకు శనివారం ఎందుకు చెప్పారో నేను ఊహించగలను. మర్నాడు సెలవు, కాస్త నీరసంగా ఉన్నా పడుకోవచ్చని. ఆదివారం సెలవు ఎవరికి? ఆఫీసుకి వెళ్లేవాళ్లకి. మీలాంటి ఇంటి ఇల్లాలికి వారంలో అన్నిటికన్నా ఎక్కువ పని ఆరోజే. పైగా ఒంటిపూట ఉపవాసం మీద, అరటిపండు తిని, కడుపుని బాధపెట్టే మందు. వాంతి కాకపోతే ఆశ్చర్యపోవాలి. శనివారం అన్నది మందుకి సంబంధించిన నియమం కాదు. వారంలో ఏ రోజైనా ఒకటే, కాకపోతే ప్రతి వారం అదే రోజు కావాలి. సోమవారమో బుధవారమో రాత్రి కడుపునిండా పెరుగన్నం తిన్నాక వేసుకుంటే, మర్నాడు ఇంట్లో పప్పు వంట, పాప బడికి, ఆయన షాపుకి. మీరు ఓ గంట వాలినా అడిగేవాళ్లుండరు. వేసుకునేవాళ్లు ఎవరైనా సరే, రోజు మార్చుకునేటప్పుడు ముందుకి లాక్కోకూడదు. రెండు డోసుల మధ్య వారం కన్నా తక్కువ ఉంటే ప్రమాదం. మళ్లీ ఏ రోజు నుంచి మొదలుపెట్టాలో డాక్టరునే అడిగి ఖాయం చేసుకోండి.

రోజు మార్చినా తిప్పడం తగ్గకపోతే దారులు ఇంకా ఉన్నాయి. ఫోలిక్ యాసిడ్ పెంచుతారు. వాంతి బిళ్ల ముందుగా ఇస్తారు. అదే మందుని ఇన్సులిన్ లాగా చర్మం కింద వారానికొకసారి వేసుకునే ఇంజెక్షను ఉంది, చాలామందికి దానితో కడుపులో తిప్పడం తగ్గుతుంది. మీరు భయపడుతున్న ఆ ఖరీదైన ఇంజెక్షను ఇది కాదు, ధర విషయంలో రెండింటికీ పోలికే లేదు. ఇవన్నీ డాక్టరు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. మీకు వాంతులవుతున్నాయని ఆయనకి తెలియదు.

రెండోది "క్యాన్సర్ మందు" అన్న మాట. అది అబద్ధం కాదు. కానీ క్యాన్సర్‌కి ఇచ్చే మోతాదులు కొన్నిసార్లు వందల మిల్లీగ్రాముల్లో ఉంటాయి, గ్రాముల్లో కూడా. కీళ్లకి వారానికి ఏడున్నర నుంచి 25 లోపు. ఆ తక్కువ మోతాదులో అది చేసే పని వేరు, మీ ఒంటి మీద మీ ఒళ్లే చేస్తున్న దాడిని అణచడం. అమెరికాలో ఈ జబ్బుకి అధికారికంగా అనుమతి వచ్చి 1988 నుంచి ఇన్నేళ్లయింది. ఇప్పటికీ ప్రపంచంలో చాలాచోట్ల రుమటాయిడ్‌కి మొదట రాసే మందు ఇదే. ఇంకో మాట, ఇది మీకు నచ్చుతుందనే చెప్తున్నాను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పనిచేస్తున్నప్పుడు ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందుల మీద, మెథోట్రెక్సేట్ సహా, పని చేసింది కూడా వాళ్లే. మీ చీటీలో మొదటి మందూ, మర్నాటి మందూ రెండింటికీ మూలం ఒకే చోట ఉంది. మొదటిదాని వల్ల వచ్చే నోటిపుళ్లు, కడుపు బాధ తగ్గించడానికే రెండోది. మెథోట్రెక్సేట్ మానేసిన వారాల్లో ఫోలిక్ యాసిడ్ కూడా మానేశారా, వేసుకున్నారా అన్నది మీరు రాయలేదు. డాక్టరు అడుగుతారు, గుర్తు తెచ్చుకుని పెట్టుకోండి.

భయం పూర్తిగా వృథా అని మాత్రం అనను. కాలేయం మీద, రక్తకణాల మీద ఇది ప్రభావం చూపగలదు. అందుకే పరీక్షలు. నోట్లో పుళ్లు, వదలని దగ్గు, ఆయాసం, జ్వరం వస్తే ఆ వారం వేసుకోకుండా ఫోన్ చెయ్యాలి. జ్వరానికో మూత్రంలో మంటకో ఊళ్లో చూపించుకుంటే "మెథోట్రెక్సేట్ వాడతాను" అని ముందే చెప్పండి. సెప్ట్రాన్ రకం యాంటీబయాటిక్ బిళ్లలు దీనితో కలిస్తే చాలా ప్రమాదం.

మూడోది, అన్నిటికన్నా బరువైనది, బిడ్డ. మీరు ఉత్తరంలో దీన్ని ఒక వాక్యంలో చెప్పి దాటేశారు. నాకైతే మీరు ఆ మాత్రలు దాచడం మొదలైంది వాంతి రోజు కాదు, అత్తగారు "విశేషమా" అన్న రోజనిపిస్తోంది. మీకు ఇంకో బిడ్డ కావాలా? అత్తగారికి కాదు, మీకు. మీ ఆయనకి కావాలా? ఉత్తరం రెండుసార్లు చదివినా ఆ జవాబు దొరకలేదు.

కావాలనుకుంటే, దానికి మెథోట్రెక్సేట్ ఎప్పటికీ అడ్డం కాదు. బిడ్డ కోసం ప్రయత్నించే ముందు ఆపాల్సిన మందు అది, సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల ముందు. ఆ సమయంలో వాడగలిగే మందులు వేరే ఉన్నాయి. మీరు రోజూ వేసుకుంటున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలోనూ వాడేదే. సల్ఫాసలజైన్ కూడా. వాటికి మారాక జబ్బు అదుపులో ఉందో లేదో కొన్ని నెలలు చూసి, అప్పుడు ప్రయత్నించమంటారు. ఇలా పద్ధతిగా వెళ్లి పిల్లల్ని కన్న రుమటాయిడ్ తల్లులు ఎంతోమంది ఉన్నారు. వాపు, నొప్పులు ఎగసిపడుతున్నప్పుడు గర్భం నిలవడం, నెలలు నిండటం కష్టమవుతుంది. కాన్పు తర్వాత జబ్బు తిరగబెట్టడం కూడా మామూలే, అందుకని కాన్పు తర్వాతి నెలలకి కూడా ముందే ఏర్పాటు చేస్తారు. ఇదంతా "నాకు ఇంకో బిడ్డ కావాలి" అని మీరు డాక్టరుతో అన్న రోజున మొదలవుతుంది. ఆ మాట అంటే, మీరు ఇష్టపడని ఆ మాత్రని ఆయనే తీసేస్తారు. మీరు దొంగతనంగా చేస్తున్న పని ఆయన చేతుల మీదుగా, భద్రంగా అవుతుంది.

వద్దనుకుంటే, అదీ మీ ఇద్దరి నిర్ణయమే. అత్తగారికి ఏం చెప్పాలో మీ ఆయనకి వదిలెయ్యండి. "అమ్మా, తనకి కీళ్లు కుదుటపడేదాకా డాక్టరు వద్దన్నాడు" అని కొడుకు అంటే ఒక్కరోజుతో సరిపోతుంది, అదే మాట కోడలు అంటే ఏడాది నడుస్తుంది. అన్యాయమే. కానీ మన ఇళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ మూడు ముడులూ ఇలా విడివిడిగా తీరేవే. మీరు పట్టుకున్న సగం సగం పద్ధతి మాత్రం మిమ్మల్ని అన్నివైపుల నుంచీ దెబ్బతీసింది. మెథోట్రెక్సేట్ నొప్పి బిళ్లలా గంటలో పనిచెయ్యదు. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మీరు మూడు వారాలు వేసుకుని మానేస్తారు. కడుపులో తిప్పడం మొదటి వారాల్లోనే వస్తుంది, చాలామందికి పోను పోను తగ్గుతుంది. అంటే ప్రతిసారీ బాధ మొత్తం మీకు దక్కుతోంది, ఫలితం వచ్చే ముందే ఆపేస్తున్నారు. బిడ్డకి ప్రమాదం అలాగే ఉంది. ఇలా ఏడాదిన్నర. ఈలోగా కీళ్ల లోపల వాపు ఊరుకోదు. ఈ జబ్బులో ఎముక అరిగేది ఎక్కువగా మొదటి ఏళ్లలోనే, నొప్పి తగ్గినట్టనిపించే రోజుల్లో కూడా లోపల పని సాగుతూనే ఉండొచ్చు. వంకరపోయిన వేలు మందుతో మళ్లీ సాఫీ కాదు. హుక్కులు కుట్టి బతికే చేతులు మీవి.

ఆ చిన్న తెల్ల బిళ్ల గురించి కొద్దిగా. అది ఏమిటో మీరు రాయలేదు. స్టెరాయిడ్ అయ్యుండొచ్చు. నొప్పికి అవి తొందరగా పనిచేస్తాయి. నెలల తరబడి వాడితే షుగరు, ఎముకల బలం తగ్గడం, మొహం ఉబ్బడం. అలాగని ఇవాళ చదివి రేపు టక్కున ఆపెయ్యకండి, ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్‌ని హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే, మెల్లగా తగ్గించాలి. ఒక బిళ్ల పొట్లంలో కట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రోజూ వేసుకునే నొప్పి బిళ్ల కిడ్నీకి, కడుపుకి మంచిది కాదు, మెథోట్రెక్సేట్‌తో కలిసినప్పుడు మరీ జాగ్రత్తగా చూడాలి. అదీ చెప్పాలి.

ఇప్పుడు నిజం చెప్పాలా వద్దా. తిట్ల భయం పక్కన పెట్టి, చెప్పకపోవడం వల్ల ఇప్పటిదాకా ఏమైందో చూడండి. ఒక ఆవిడ తప్పుడు కొలతలు ఇస్తే మీరు జాకెట్టు ఎంత బాగా కుట్టినా అది ఆవిడకి పట్టదు, విప్పి కుట్టిన కొద్దీ గుడ్డ పాడవుతుంది. డాక్టరు అదే చేస్తున్నారు. 15 పనిచెయ్యలేదని 20 చేశారు. కాలేయం పరీక్షలు బాగున్నాయి కాబట్టి మందు పడుతోందనుకున్నారు. మందు లోపలికి వెళ్లకపోతే పరీక్షలు బాగుండక ఏమవుతాయి? ఇప్పుడు, మెథోట్రెక్సేట్ మీ మీద పనిచెయ్యదని తేల్చేసి పై మెట్టు ఎక్కుతున్నారు. అది పనిచేస్తుందో లేదో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ఆ పెద్ద ఇంజెక్షన్లలో చాలావాటికి మెథోట్రెక్సేట్ తోడుంటేనే పూర్తి గుణం. గొలుసు పెట్టి తెచ్చుకున్న మందు కూడా, ఆ శనివారం మాత్ర లేకపోతే, అరకొరగా పనిచెయ్యొచ్చు.

కాబట్టి మీ ముందున్నవి ఇవి. ఎవరికీ చెప్పకుండా ఈ నెల నుంచి బుద్ధిగా వేసుకోవడం ఒకటి. మామూలు రక్తపరీక్షల్లో మీరు మందు వేసుకున్నదీ లేనిదీ తెలియదు, కాబట్టి దొరికిపోరు. కానీ డోసు ప్రమాదం పైన చెప్పాను. రెండు వారాల్లో మందు గుణం కనిపించదు కాబట్టి ఇంజెక్షన్ ఆగదు, గొలుసూ ఆగదు. వాంతుల కారణం అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ మానేస్తారు. దీన్ని నేను ఎంచుకోను.

మీ ఆయనకి తెలియకుండా డాక్టరు ఒక్కరికే చెప్పడం ఇంకొకటి. ఇది కష్టమేమీ కాదు. చీటీ మీద నాలుగు ముక్కలు రాసి ఫైల్లో పెట్టి ఇవ్వండి: "మెథోట్రెక్సేట్ ఏడాదిన్నరగా సరిగ్గా వేసుకోలేదు. వాంతుల వల్ల. పిల్లల గురించి అడగాలి. విడిగా మాట్లాడాలి." లేదా వేళ్లు చూపించుకునేటప్పుడు నర్సుతో ఆడవాళ్ల విషయం అడగాలని చెప్పండి, మీ ఆయన్ని బయట కూర్చోమంటారు. రోగి చెప్పిన సంగతి బయటపెట్టకూడదన్నది డాక్టర్ల వృత్తి నియమం. తిట్టొచ్చు, కాదనను. రెండు నిమిషాలు తిట్టి, మూడో నిమిషంలో చీటీ మార్చి రాస్తారు. తిట్టడం తప్ప ఇంకేమీ చెయ్యని డాక్టరైతే, హైదరాబాదులో నిమ్స్ లాంటి చోట్ల రుమటాలజీ విభాగమే ఉంది, మరో అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. దీనిలో ఉన్న ఇబ్బంది ఒక్కటే. ఇంజెక్షన్ ఎందుకు వద్దన్నారో మీ ఆయన అడుగుతాడు. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. అప్పుడు ఇంకో అబద్ధం పుడుతుంది.

మెథోట్రెక్సేట్ నాకొద్దు అని సూటిగా చెప్పెయ్యడం మరొకటి. ఇది తప్పేమీ కాదు, మీ ఒళ్లు మీది. వేరే మాత్రలున్నాయి. వాటిలో కొన్ని బిడ్డ కావాలనుకునేవాళ్లకి పనికిరావు, కొన్ని పనికొస్తాయి, కొన్నిటి బలం తక్కువ. అన్నీ తెలుసుకుని వద్దనుకుంటే ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. వాంతి రోజున, ఫోనులో చూసిన ఒక్క మాట మీద వద్దనుకోవడం మాత్రం నిర్ణయం కాదు.

ముందు మీ ఆయనకే చెప్పి, ఇద్దరూ కలిసి వెళ్లడం ఇంకో దారి. మీరు అన్నిటికన్నా దీనికే భయపడుతున్నారు, నాకు మాత్రం ఇదే కుదురుతుందనిపిస్తోంది. నేనెప్పుడూ ఆయన్ని చూడలేదు, మీ ఉత్తరంలో ఉన్నంతే తెలుసు. ప్రతి నెలా మర్చిపోకుండా మందులు తెచ్చే మనిషి. డాక్టరు ముందు మీకన్నా ముందు జవాబు చెప్పే మనిషి, అది కాస్త చిరాకే అయినా, అందులో గర్వం ఉంది గానీ పెత్తనం కనిపించలేదు నాకు. భార్య గొలుసు పెట్టడానికి సిద్ధపడ్డ మనిషి. ఆయనకి కోపం వస్తుంది. రావాలి కూడా, ఏడాదిన్నర డబ్బు అది. కానీ గొలుసు బ్యాంకుకి వెళ్లాక, ఇంజెక్షన్లు మొదలయ్యాక, ఏడాది తర్వాత తెలిస్తే వచ్చే కోపం ముందు ఇది ఎంత? చెప్పేటప్పుడు మాత్రలు దాచిన కథతో మొదలుపెట్టకండి. ఆదివారం వాంతులతో మొదలుపెట్టండి. అత్తగారు అడిగిన మాట చెప్పండి. పిల్లల విషయంలో మీరు ఒంటరిగా మోస్తున్న భయం చెప్పండి. మాత్రల సంగతి ఆ వరుసలో నాలుగోది కావాలి. మీ ఆయన కొట్టే మనిషో, ఇంట్లోంచి వెళ్లగొడతాననే మనిషో అయితే ఈ సలహా చెల్లదు. అప్పుడు డాక్టరు ఒక్కరికే చెప్పండి. అలాంటి సూచనేదీ మీరు రాయలేదు కాబట్టే ఇలా అంటున్నాను.

డబ్బు గురించి మీరడగలేదు గానీ ఒక మాట. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ చవకైన పాత మందులే. దగ్గర్లో జనఔషధి షాపు ఉంటే అక్కడ ఏవి దొరుకుతాయో కనుక్కోండి, ఇంకా తగ్గుతుంది. గొలుసు అవసరం రాకపోవచ్చు.

రెండు వారాల గడువు గురించి. పెద్ద ఇంజెక్షన్ వెళ్లిన రోజునే వెయ్యరు. మన దేశంలో దానికి ముందు టీబీ పరీక్ష తప్పకుండా చేయిస్తారు, ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షో చర్మం మీద పరీక్షో. ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఆ మందు లేపగలదు కాబట్టి. అంటే మీ ఆయన బ్యాంకుకి వెళ్లేలోపు మీకు ఒక విజిట్ ఖాయంగా ఉంటుంది. ఆ విజిట్‌కి ముందు రాత్రి ఇంట్లో చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే ఆ ఉదయం బస్సులో చెప్పండి. బస్సులోనూ నోరు పెగలకపోతే చీటీ ఎలాగూ ఫైల్లో ఉంటుంది. ఈలోపు మూత్రపరీక్ష మాత్రం రేపే చేసుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.